గేదెల చాటు మనిషి

డబ్బా అక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. చేపల చెరువుల గట్ల మీద పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఖాళీ నూనె డబ్బాను కర్రతో బాదుతూ తిరగడమే ఆమె ఉద్యోగం. సంచిముక్కు గూడబాతులూ కొంగలూ వాలి చేపల్ని మింగకుండా తరమాలి. చెయ్యి పడిపోతే అరిచేది. గొంతు పోతే కొంగు విదిలించేది. కాపురానికి వచ్చిన కొత్తలో మొదలుపెట్టిన పని, కూతురు కాలేజీకి వచ్చినా వదల్లేదు. ఇల్లు నడిచింది ఆ చప్పుడు మీదే.

ఆ చెరువులు ఉండకూడని చోట ఉన్నాయి. అది పక్షుల కోసం ప్రభుత్వం హద్దులు గీసి కాపాడుతున్న సరస్సు. కాగితం మీద హద్దు చెక్కుచెదరలేదు, నీళ్లలో మాత్రం గట్లు లేచాయి. తెలిసిన పెద్దమనుషులంతా తెలియనట్టు మొహాలు తిప్పుకున్నారు. చివరికెవరో కోర్టుకెక్కితే యంత్రాలు వచ్చి గట్లు తెంచాయి. నీళ్లు పాత దారి పట్టాయి. చెరువుల ఆసాములు వేరే వ్యాపారాల్లోకి దూరారు. రోడ్డున పడ్డది డబ్బా అక్కలాంటి వాళ్లు.

సరస్సులో పక్షిగూళ్ల కాపలాకు మనుషులు కావాలని విని ఆమె అటవీశాఖ ఆఫీసుకు వెళ్లింది.

"పిట్టల గురించి నీకేం తెలుసమ్మా?" అని అడిగింది రేంజరమ్మ.

"తరమడం తెలుసండీ."

రేంజరమ్మకు నవ్వాగలేదు. కొన్నాళ్లు చూద్దామని పనిలో పెట్టుకుంది.

నీళ్ల మధ్య పొట్టి చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకున్నాయి. ఈకలైనా రాని పిల్లలు, ఇంకా పొదుగుతున్న గుడ్లు. ఎవరూ అటు వెళ్లకుండా చూడాలి, అంతే. మొదటిరోజు ఆమె అలా కనిపించిందో లేదో, చెట్లకు చెట్లే ఖాళీ అయిపోయాయి. పిల్లలు ఎండలో నోళ్లు తెరుచుకుని పడున్నాయి. కాకులు దిగాయి. తానుంటే తల్లులు మళ్లీ వాలవని ఆమె వెనక్కి పరుగెత్తింది. మర్నాడు చీర తీసేసి ఖాకీ చొక్కా తొడుక్కున్నా అదే కథ. అదే దారిన రేంజరమ్మ నడిస్తే ఒక్క పిట్ట తల తిప్పలేదు.

"వాటికి నీ నడక తెలుసు. నీ మీద నాకేం కోపం లేదమ్మా. కానీ ఇలాగే అయితే ఆ పిల్లలు బతకవు. ఈ వారంలో అలవాటు పడకపోతే నిన్ను ఉంచలేను" అంది రేంజరమ్మ.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ అడుగుల చప్పుడు వింటే మావాడే పెరటి దారిన జారుకుంటాడు. పిట్టలకేం ఖర్మే?"

"నీకు నవ్వులాటగా ఉందా అత్తా? ఉద్యోగం పోయినా ఏదో తంటా పడతాను. ఆ పిల్లలు నా మూలంగా చస్తున్నాయే!"

ముసలామె నవ్వు ఆపింది. "గేదెల తాతని అడుగు. వాడి మంద రోజంతా ఆ చెట్ల కిందే పొర్లుతుంది. ఒక్క పిట్టన్నా లేచిందా?"

సరస్సులో గేదెలు మేపే ముసలాయనకు సంగతంతా ఓపిగ్గా వినే అలవాటు లేదు. సగంలోనే మందలోకెల్లా వెడల్పాటి గేదెను చూపించాడు. "దీని అవతలి పక్కన నడువు. తల ఎత్తకు. చేతులు ఊపకు. అది ఆగితే ఆగు. అది పేడేస్తే..."

"అది చెప్పక్కర్లేదులే తాతా."

మోకాలిలోతు నీళ్లలో, గేదె కడుపు పక్కన ఒదిగి, జోరీగలు ముసురుతున్నా పళ్లు బిగబట్టి నడిచింది. చెట్ల మీద అలికిడి లేదు. ఆ సంతోషం రెండ్రోజులే. మూడోనాడు ఒక కాకి గూటిమీద వాలబోయింది. ఆమెకు తెలియకుండానే చెయ్యి లేచింది, "హోయ్!" అని పాత కేక బయటపడింది. కాకితోపాటు మొత్తం గూడబాతులు లేచిపోయాయి. ఆమె నీళ్లలో నిలబడి వలవలా ఏడ్చింది.

తాత తిట్టలేదు. "కాకిని తోలడానికే కదా అరిచావు. బుద్ధి మంచిదే, గొంతే పాతది" అని ఆమె కుడిచేతికి గేదె పలుపు చుట్టాడు. "ఇక లేపు చూద్దాం, గేదెతో సహా లేపు!"

ఏడుస్తున్న మనిషి ఫక్కుమంది. తన పనులు మానుకుని ఆ ముసలాయన రోజూ మందను ఆ చెట్ల చుట్టే తిప్పాడు. పలుపు కొంచెం కొంచెం వదులు చేశాడు. ఎందుకింత చేస్తున్నావని అడిగితే, "నా గేదెలకి తోడు దొరికింది" అనేవాడు.

వారం చివర రేంజరమ్మ దూరం నుంచి చూస్తోంది. డబ్బా అక్క కళ్లు ఒక గూటి మీదే ఉన్నాయి. తల్లి రెక్క సగం విప్పి పిల్లకు నీడ పడుతోంది. చాలాసేపటికి పక్కకు చూస్తే గేదె లేదు. చేతికి పలుపూ లేదు. తాత మందను ఎప్పుడో అవతలి ఒడ్డుకు తోలుకుపోయాడు. ఆమె ఒక్కతే, నిలువెత్తు మనిషి, నీళ్ల మధ్య నిలబడి ఉంది. తల్లి గూడబాతు ఆమెను ఒక కంటితో తేరిపార చూసింది. తర్వాత రెక్కను ఇంకాస్త విప్పి పిల్ల మీద కప్పింది.

ఒడ్డున తాత చుట్ట వెలిగించుకుంటూ ఇటు చూడనట్టే కూర్చున్నాడు. ఆ ముసలాయనకు, ఆ గేదెకు, తనను ఉండనిచ్చిన ఆ తల్లికి దణ్ణం పెట్టాలనిపించింది. చేతులెత్తితే అన్నీ లేచిపోతాయి. అందుకని వంగకుండా, కదలకుండా, తొడల దగ్గరే రెండు అరచేతులూ కలిపి పట్టుకుని అలాగే కాపలా కాసింది.