మా లైను పేజీ

ఆ ఏడాది కార్పొరేషన్ ఎన్నికల్లో హిందీ ఊళ్లో తెలుగువాళ్లం ఎక్కువగా ఉండే మా రైల్వే కాలనీ వార్డు నుంచి ఒక రిటైర్డ్ గార్డు ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. నాన్న స్నేహితుడు, నాకు మావయ్య వరస. నేను డిగ్రీ అయ్యాక సదర్ బజార్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, వెబ్‌సైటు తయారు చేయడం నేర్చుకుని ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఒకరోజు ఆయన మా వరండాలో టీ తాగుతూ నన్ను పిలిచాడు.

"ఏటమ్మా, వెబ్‌సైట్లు కడతావట! పెద్ద లీడర్లకే ఉన్నాయవి. నాకూ ఒకటి కట్టిపెట్టు. పోస్టర్లు ఆవులు తినేస్తన్నాయి. దీన్ని తినలేవు కదా!"

నాన్న నవ్వాడు. నేను తల వంచుకుని సరేనన్నాను. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ పని నచ్చింది. అక్కడ ఎంత మాట్లాడినా నా మొహం ఎవరూ చూడరు.

ఉచితంగా దొరికే చోట సైటు పెట్టాను. హిందీ అక్షరాలు వేరే కంప్యూటర్లలో పిచ్చి గీతల్లా కనిపించేవి కాబట్టి హిందీనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఉండేది. అది రోజుకు రెండు పెరిగేది. ఒకటి నేను. రెండోది సైబర్ కెఫేలో కూర్చుని తన ఫొటో తానే చూసుకునే మావయ్య.

హామీలు అందరివీ ఒకేలా ఉంటాయి, ఏ క్వార్టరులో ఏ కష్టం ఉందో రాస్తే తమ ఇంటి నంబరు కోసమైనా జనం చూస్తారు అని నాకు తోచింది. మావయ్య "శభాష్" అన్నాడు. మధ్యాహ్నం వంటలయ్యాక డైరీ పట్టుకుని, క్వార్టర్ల వరసల్లో లైను లైనూ తిరిగాను. ఎక్కువ మాట్లాడని పిల్లకు ఆడవాళ్లు అన్నీ చెబుతారు. డైరీలో తెలుగులో రాసుకుని, సైటులో క్వార్టరు నంబర్ల కింద హిందీలో పెట్టేదాన్ని.

మా ఎదురింటి పిన్ని భర్త లోకో షెడ్డులో పనిచేసేవాడు. వాళ్ల వెనక గదిలో సిర్గిట్టి ఫ్యాక్టరీకి వెళ్లే కుర్ర దంపతులు చంటిబిడ్డతో అద్దెకుండేవారు. రైల్వే క్వార్టరులో ఎవరినీ అద్దెకు పెట్టకూడదు. ఆ సంగతి లైనులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

"కుళాయిలో సుక్క నేదే," అంది పిన్ని. "ఆ గుంట పసిబిడ్డని సంకనేసుకుని మూడు లైన్లవతల నుంచి నీళ్లు మోస్తంది. సూళ్లేకపోతన్నాను."

నేను ఇలా రాశాను: ఈ క్వార్టరు వెనక గదిలో అద్దెకుంటున్న పిల్ల, ఒక చంకలో బిడ్డ, ఇంకో చంకలో బిందెతో, రోజూ మూడు లైన్లు దాటి నీళ్లకు వెళ్తోంది. రాసి మూడుసార్లు చదువుకున్నాను. నేను రాసిన వాటిలో అదే మంచి వాక్యం అనిపించింది.

నాలుగు రోజుల తర్వాత సైబర్ కెఫేలో చూస్తే అడుగున అంకె ఒక్కసారిగా పెరిగిపోయి ఉంది. ఆ సంతోషంతో ఇంటికి నడిచి వస్తుంటే కమ్యూనిటీ హాలు గోడ దగ్గర జనం. తొంగి చూశాను. గోడంతా నా పేజీయే. ప్రింటు తీసి, జిరాక్సులు చేసి వరసగా అంటించారు. నా వాక్యం కింద ఎర్ర గీత. పైన పెద్ద హిందీ అక్షరాల్లో, వీళ్ల అభ్యర్థే ఒప్పుకున్నాడు, ఈ కాలనీలో క్వార్టర్లు అద్దెకిస్తారట, అని ఉంది. ఎదుటి పార్టీవాళ్ల పని. నేను రాసింది నా చుట్టూ పదిమంది పైకి చదువుతున్నారు.

రెండు రోజులకు క్వార్టర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు అదే కాగితం పట్టుకుని వచ్చాడు. ఆయన వస్తాడని తెలిసి ఆ దంపతులు పొద్దున్నే పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. హడావిడిలో ఉయ్యాల కట్టిన చీర మాత్రం గదిలో వేలాడుతూ ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరు అది రాసుకున్నాడు. క్వార్టరు ఎందుకు ఖాళీ చేయించకూడదో వారంలో జవాబు చెప్పమని బాబాయికి నోటీసు వచ్చింది.

ఏడుస్తూ మావయ్య దగ్గరికి పరిగెత్తాను. తిడతాడనుకున్నాను.

"అచ్ఛా! దీనికేటి ఏడుపు? జనం సూడ్డం ఇప్పుడే కదా మొదలెట్టేరు. ఆ నోటీసు ఫొటో తీసి పెట్టు. పక్కన మీ పిన్ని ఏడుస్తన్న ఫొటో. పేదోళ్ల కొంప కూల్చేరని రాయి. నువ్వు బాగా రాస్తావు."

నివ్వెరపోయాను. ఆయన మాటకు కాదు. ఆయన చెబుతుండగానే నా తలలో మొదటి వాక్యం తయారైపోయింది, దానికి. పిన్ని కొంగు, తలుపు పట్టుకున్న చెయ్యి, అన్నీ కుదిరిపోయాయి. అంకె ఇంకా పెరుగుతుందని కూడా తెలుసు.

పాస్‌వర్డు నాకొక్కదానికే తెలుసు. సైబర్ కెఫేకి వెళ్లి సైటు మొత్తం తీసేశాను. గోడ మీద కాగితాలు మాత్రం నా చేతిలో లేవు. తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్లి, రాసింది నేనేనని చెప్పాను.

ఆవిడ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "హిందీ సదవడం నాకు రాదు. ఏటి రాసినావో సదివి ఇనిపించు."

డైరీ తీసి చదివాను.

"నీళ్ల మాట సెప్పాను. బిడ్డ మాట సెప్పాను. అద్దె మాట నాను సెప్పేనా?"

"లేదు పిన్నీ."

"మరెందుకు రాసినావు?"

"ఆ పిల్ల ఎవరో చదివేవాళ్లకు తెలియదని..."

"లైన్లో తెలీనోలు ఎవురే?" అని అప్పుడు తలెత్తింది. "ఎవురి కోసం రాసినావు?"

డైరీ మూసేశాను. ఆవిడ చేట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి నోటీసు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"మీ బాబాయికి ఇంగ్లీషు రాదు. జవాబు నువ్వే రాయి. ఉన్నది రాయి. బిడ్డ, బిందె, అవేటీ వద్దు."

నాలుగు వాక్యాలు రాశాను. వెనక గదిలో ఒక కుటుంబాన్ని ఉంచిన మాట నిజం. ఇప్పుడు లేరు. ఇక ఎవరినీ ఉంచం. క్షమించమని కోరుతున్నాను. ఎక్కడా ఒక్క మాట కూడా అందంగా లేకుండా చూసుకున్నాను. పిన్ని పైకి చదివించుకుని, బాబాయి చేత సంతకం పెట్టించింది.

మావయ్య ఓడిపోయాడు. మా వరండాకు మళ్లీ రాలేదు. కొన్ని నెలలకు హెచ్చరికతో వదిలేస్తున్నట్టు ఉత్తరం వచ్చింది, క్వార్టరు దక్కింది. పిన్ని నాతో మామూలుగానే మాట్లాడేది. నా చేతిలో డైరీ ఉంటే మాత్రం, కుళాయి సంగతి కూడా చెప్పేది కాదు.