మూత లోపలి బొట్టు

మా ప్రొఫెసర్ గారి లెక్కలో లోకంలోని యంత్రాలన్నీ రెండే రకాలు. పూజ చేసినవి, ఇంకా చెయ్యనివి.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. సికింద్రాబాద్‌లోని మా కాలేజీ గోడల నిండా జావా కోర్సుల పోస్టర్లు. మధ్యాహ్నం అయిందంటే క్లాసు క్లాసంతా కంప్యూటర్ కోచింగ్‌కి అమీర్‌పేట బస్సెక్కేది. ఫిజిక్స్ ఎందుకు చదువుతున్నారంటే, ఏదో ఒక డిగ్రీ ఉండాలి కదా అనేవాళ్లు. అలాంటివాళ్లతో మాట్లాడడం కన్నా చిలకలగూడలోని మా అద్దెవాటాలో డైరీ రాసుకోవడం నయమనిపించేది.

ఆ రోజుల్లో అంగారకుడి మీద రెండు రోవర్లు తిరుగుతున్నాయి. వాటి చేతికి అమర్చిన ఒక చిన్న పరికరం మట్టికి దగ్గరగా వచ్చి, దాని మీదికి కిరణాలు పంపుతుంది. మట్టిలోని ప్రతి మూలకమూ తనదైన శక్తి గల ఎక్స్‌రేతో బదులిస్తుంది. ఇనుముది ఒకటి, గంధకానిది ఇంకొకటి. ఆ బదుళ్లను గ్రాఫు గీస్తే మట్టిలో ఏముందో శిఖరాలుగా కనిపిస్తుంది. పరికరం మీద దుమ్ము పడకుండా దానికి బుల్లి తలుపులు కూడా పెట్టారని చదివి నేను ముచ్చటపడ్డాను.

మా ల్యాబ్‌లోనూ ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే పాత యంత్రం ఒకటి ఉండేది. ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఊరి శివారు యాప్రాల్ ఎర్రమట్టిని అందులో పరీక్షించి, అంగారకుడి మట్టితో పోలుస్తానని అడిగాను. ప్రొఫెసర్ గారు సరేనన్నారు. దసరాకు ముందు తీసిన గ్రాఫులో ఇనుము, సిలికాన్, టైటానియం, కాస్త కాల్షియం కనిపించాయి.

తర్వాత ఆయుధపూజ వచ్చింది. ప్రొఫెసర్ గారు యంత్రానికి పసుపు రాసి కుంకుమ పెట్టారు. బయట పెడితే చేతులు తగిలి చెరిగిపోతుందని, మూత తెరిచి లోపల కూడా పెట్టారు. ఇంతటి దూరదృష్టి ఆయనలో నేను అంతకుముందు చూడలేదు.

సెలవుల తర్వాత తీసిన గ్రాఫులో సీసం కనిపించింది. ప్రొఫెసర్ గారి ముఖం వెలిగిపోయింది.

"చూసినవా బిడ్డా, మొన్నటిదాంక నిద్రపోయింది మిషిను. పూజ జేసినంక కండ్లు తెరిచింది. యాప్రాల్ మట్టిల సీసం. పేపరోళ్లకు సుత చెప్తా నేను."

కానీ ఆ ప్రాజెక్టు మీద ఉండేది నా పేరు. ఆ మట్టి తెచ్చి, ఎండబెట్టి, జల్లించింది నేను. దానిలో లేని విషాన్ని దానికి అంటగట్టి, కింద నేను సంతకం చెయ్యాలి. చెయ్యనంటే మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి.

మట్టి లేకుండా ఖాళీ పళ్లెం పెట్టి చూశాను. అప్పుడూ సీసం ఉంది. మూత లోపలి బొట్టు ఎండి, పొడి రాలి, పళ్లెం పెట్టే చోట ఎర్రగా పడుతోంది. భయపడుతూనే వెళ్లి ఆయనకు చెప్పాను.

"ఆ బొట్టు తుడిచి చూద్దామాండి?"

ఆయన కళ్లద్దాలు తీసేశారు. "ఆడపిల్లవయ్యుండి బొట్టు తుడుస్తననుడు ఏందమ్మా? మళ్ల దసరా దాంక గది గట్లనే ఉండాలె."

బయట ఇదంతా విన్న నా క్లాస్‌మేట్ నవ్వింది. అల్వాల్ పిల్ల. నాతో కాస్తో కూస్తో మాట్లాడేది ఆమె ఒక్కతే. "సీసం ఉంటే నీకేం తక్లీఫే? రాసి ఇడిసెయ్. జెర పేపర్ల మాత్రం రానియ్యకు. మా చిన్నమ్మ యాప్రాల్‌ల ప్లాట్ కొన్నది, రేట్ పడిపోతది."

పేరున్న శాస్త్రజ్ఞుడు ఒకడు, ప్లాటు ధర చూసుకునే శాస్త్రజ్ఞురాలు ఒకతె. ఆ రోజు డైరీలో ఇద్దరి గురించీ చెరొక వాక్యమే రాశాను. అంతకన్నా ఎక్కువ కాగితం వాళ్లకు దండగ.

మర్నాడు అందరూ భోజనాలకు వెళ్లాక, ఎండిన బొట్టును గీకి పళ్లెంలో వేసి పరీక్షించాను. సీసం శిఖరం నిటారుగా లేచింది. తర్వాత స్పిరిట్‌లో ముంచిన దూదితో మూత లోపలా, కిందా శుభ్రంగా తుడిచి మట్టి పెట్టాను. సీసం లేదు. తుడవకముందు గ్రాఫు, బొట్టు గ్రాఫు, తుడిచాక గ్రాఫు, మూడూ వరసగా ప్రాజెక్టు రిపోర్టులో పెట్టి ఇచ్చాను. ప్రొఫెసర్ గారు చదవకుండానే సంతకం చేశారు. చదవరని నాకు తెలుసు.

వైవా రోజు, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు ఆ పేజీ దగ్గర ఆగారు.

"ముందు సీసం ఉంది, తర్వాత లేదు. ఏమైందమ్మా?"

ప్రొఫెసర్ గారు అప్పుడు మొదటిసారి ఆ పేజీ చూశారు.

"అది కుంకుమలోది అండి. బజారు కుంకుమలో ఎరుపు కోసం సీసపు రంగు కలుపుతారు. దసరాకి మూత లోపల బొట్టు పెట్టాం."

"మరి అంగారకుడి మట్టిలో సీసం లేదా?"

"వాళ్ల పరికరానికి ఎవరూ పూజ చెయ్యలేదండి."

ఎగ్జామినర్ గారు పెద్దగా నవ్వారు. ప్రొఫెసర్ గారు ఆయనకన్నా పెద్దగా నవ్వి, "మా ల్యాబ్‌ల క్లీనింగ్ ఫస్ట్ నుంచి స్ట్రిక్ట్ సార్. నేనే చెప్పి చేపిచ్చిన," అన్నారు.

ఎగ్జామినర్ గారు సంతకం చేసి కలం మూశారు. "సాఫ్ట్‌వేర్ ఏం నేర్చుకున్నావమ్మా?"

"ఏమీ లేదండి."

అయ్యో అన్నట్టు తల ఊపారు. అంతటితో వైవా అయిపోయింది. మంచి మార్కులే వచ్చాయి.

ఆ వారంలోనే నా మట్టి పొట్లాలు తెచ్చుకుందామని ల్యాబ్‌కి వెళ్లాను. యంత్రం మూత తెరిచి ఉంది. లోపల కొత్త బొట్టు, ఈసారి రూపాయి బిళ్లంత. ప్రొఫెసర్ గారు పక్కన నిలబడి, జూనియర్లకు ఆ యంత్రం గొప్పతనం చెబుతున్నారు.