నీలం వదలని గొట్టం

ఆయన్ని కాసేపు కుర్చీలో కూర్చోబెట్టడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. అన్నం కూడా సగం నిలబడే తింటాడు. మాట్లాడుతూ గుమ్మం దాకా వెళ్తాడు, వెనక్కొస్తాడు, మళ్లీ వెళ్తాడు. షూటింగ్ రేంజిలో అందరూ ఆయన్ని గొట్టం బాబాయి అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని నవ్వాపుకుంటారు. రైఫిల్ గురి తప్పిన రోజున మాత్రం బుద్ధిగా ఆ పేరే అడుగుతూ ఆయన ఇల్లు వెతుక్కుంటారు.

ఇంటి వెనక రెండు కిటికీల గదిలో ఆయన రైఫిల్ గొట్టాలు శుభ్రం చేస్తాడు. రైఫిల్‌ని కదలకుండా పట్టుకునేందుకు బల్లకి బిగించిన వైస్, దాని దవడలకి తోలు ముక్కలు, ఒక ఎనామిల్ గిన్నె, గోడకి వేలాడే పొడవాటి ఉక్కు కడ్డీ. అరలో రెండు సీసాలు. వాటి మీద భార్య రాసి అంటించిన చీటీలు: ‘నల్లది’, ‘ఘాటుది’. నల్లది కిరోసిన్, టర్పెంటైన్, గేరునూనె కలిపిన మందు, మసి కోసం. ఘాటుది అమోనియా నీళ్లలో కాస్త సబ్బు కలిపిన మందు, రాగి కోసం. దాని మూత తీస్తే పక్కింటి పిల్లి కూడా గోడ దిగి వెళ్లిపోతుంది.

రాగి ఎక్కడిదంటే, తూటాకి ఉండే తొడుగుది. దూసుకుపోయే ప్రతి తూటా గొట్టం లోపలి మెలికల గాడుల మీద తన రాగిని కొంచెం రాసి పోతుంది. వందల తూటాలు పోయాక అక్కడొక మొండి పొర మిగులుతుంది. ఇక ఆపైన ఏ తూటా కూడా చెప్పినచోటికి వెళ్లదు. ఘాటుమందు ఆ పొరని కరిగించి, కడ్డీ మొనకి చుట్టిన గుడ్డముక్క మీదకి నీలంగా తీసుకొస్తుంది. వాన వెలిసిన ఆకాశంలో ఒక చిన్న ముక్కని గొట్టంలోంచి లాగినట్టుంటుంది. గుడ్డ తెల్లగా వస్తే పని అయిపోయినట్టు.

కానీ ఆ మందు రాగి అయిపోయాక కూడా ఊరుకునే రకం కాదు. ఎక్కువసేపు వదిలేస్తే ఉక్కునే కొరుకుతుంది.

ఆ సంగతి ఆయనకి తెలిసిన తీరు వేరు. ముప్పై ఏళ్లు కాపలా దళం ఆయుధాల గదిలో పనిచేశాడు. పెళ్లయిన కొత్తలో ఒక రోజు, దళంలోకెల్లా మంచి గురికాడి రైఫిల్‌లో మందు పోసి, బిరడా బిగించి, ఎవరో పిలిస్తే బయటికి వెళ్లాడు. మాటల్లో పడ్డాడు. తిరిగొచ్చి చూస్తే గొట్టం లోపల మశూచి మచ్చలు. ఆ గురికాడు రైఫిల్ తీసుకెళ్లి, కవాతు నేర్పడానికి వాడే పనికిరానివాటి వరసలో పెట్టాడు. ఆ వరస ముందునుంచే పదకొండేళ్లు ఆయన రోజూ పనిలోకి వెళ్లాడు. కూర్చోవడం అప్పుడే మానేశాడని భార్య అంటుంది. గొట్టంలో మందున్నంతసేపూ గదిలో తిరుగుతూనే ఉంటాడు. మందు లేని రోజుల్లోనూ కాళ్లకి ఆ తిరుగుడే అలవాటైపోయింది.

ఈ గురువారం పొద్దున్నే మేనకోడలు వచ్చింది, భుజాన రైఫిల్ పెట్టెతో. ఆసుపత్రి మందుల కౌంటర్లో పని ఆమెది. వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకుని అదే మాట అంటుంది.

“నా మందులకి డాక్టర్ చీటీ కావాలి. నీ మందులకి గుండె ధైర్యం చాలు మామయ్యా.”

“పని చెప్పు.”

“వారం నుంచి గుళ్లు చెల్లాచెదురుగా పడుతున్నాయి. చెయ్యి నాదే, కన్ను నాదే. గొట్టమే నా మాట వినడం లేదు.”

ఆదివారం జట్టు ఎంపిక. నాలుగు చోట్లు. గత రెండేళ్లూ ఆమె అయిదో స్థానంలో ఆగిపోయింది. రైఫిల్ క్లబ్బుది. ఈసారీ ఎంపిక కాకపోతే దాన్ని వేరేవాళ్లకి ఇచ్చేస్తామని సెక్రటరీ ముందే చెప్పేశాడు. ముప్పై నాలుగేళ్ల మనిషికి మరో రైఫిల్ ఎవరూ ఇవ్వరు.

“శనివారం సాయంత్రానికి ఇస్తాను,” అన్నాడాయన.

ఆమె సంచిలోంచి ఒక చిన్న పొట్లం తీసింది. పాత గొడుగు పిడిలోంచి ఆయనే చెక్కుకున్న కడ్డీ మొన పందొమ్మిదేళ్లు పనిచేసి కిందటి నెలే చీలిపోయింది. దాని బదులు లేత్ పనివాడిచేత కొత్తది చేయించింది. అరచేతిలో పసుపుపచ్చగా మెరిసింది అది, పొద్దు చుక్క ఒకటి గడ్డకట్టినట్టు.

“ఎన్నాళ్లని ఆ గొడుగు ముక్కతో నెట్టుకొస్తావు? ఇది నీ తర్వాత కూడా ఉంటుంది.”

“నన్నప్పుడే పంపించేస్తున్నావన్నమాట,” అంటూ దాన్ని చొక్కా అంచుతో తుడిచి కడ్డీకి బిగించాడు. ఆ పూట గది చుట్టూ కాస్త హుషారుగా తిరిగాడు.

గురువారం మసి వదిలింది. ఘాటుమందు మొదలుపెట్టాక గుడ్డలు ముదురు నీలంగా వచ్చాయి, తర్వాత లేత నీలం. ఇంకొంచెం అనుకున్నాడు. శుక్రవారమంతా అదే లేత నీలం. గుడ్డ ముంచడం, తొయ్యడం, కాసేపు తిరగడం, ఉత్త గుడ్డతో తుడవడం, నూనె రాయడం, మళ్లీ మొదలు. ప్రతిసారీ ఆ నీలమే, తగ్గదు, పెరగదు. రాత్రి పడుకున్నాడే గాని కళ్లు మూస్తే అదే రంగు.

శనివారం మధ్యాహ్నానికి గుడ్డముక్కలు అయిపోయాయి. భార్య కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“మీ బనీన్లు అయిపోయాయి. ఇక మిగిలింది ఒంటి మీదున్నదే. విప్పుతారా?”

“ఇంకా నీలమే వస్తోంది.”

“మూడు రోజుల్నుంచా? ఆ గొట్టం ఏమన్నా రాగి గనా?”

ఆయన నవ్వలేదు. భయం రెండువైపుల నుంచీ తోస్తోంది. ఆపేస్తే లోపల రాగి ఉండిపోతుంది, రేపు పిల్ల ఓడిపోతుంది. ఆపకపోతే మందు ఉక్కులోకి దిగుతుంది, ఆ పాత వరసలోకి ఇంకో రైఫిల్ చేరుతుంది. మొనకి కొత్త గుడ్డ చుట్టి, మందులో తడిపి, గొట్టం దగ్గరికి తీసుకెళ్లి ఆగిపోయాడు. చెయ్యి ముందుకి వెళ్లలేదు. కడ్డీని గిన్నెలో ఆనించి సందులోకి వెళ్లిపోయాడు. ఆ చివర్న సైకిళ్ల కొట్టుదాకా ఒకసారి, తిరిగి గేటుదాకా ఒకసారి. సైకిళ్లాయన ఏమైంది బాబాయి అని అడిగితే ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

వెనక్కొచ్చేసరికి భార్య గిన్నె మీదకి వంగి చూస్తోంది.

“ఏవండీ, ఈ గుడ్డని గొట్టంలో పెట్టారా?”

“లేదు. తడిపానంతే.”

“మరిది కూడా నీలంగానే ఉందేం?”

ఆయన గుడ్డ విప్పాడు. మొనని తాకినంతమేరా, చుట్టూ ఉంగరంలాగా, అదే లేత నీలం. కింద మొన మెరుపు తగ్గి కూర్చుంది.

ఇత్తడి. సగం పైగా రాగే. ఉక్కు కడ్డీలతో, చెక్క మొనతో గడిపిన మనిషే అయినా ఇది తెలియక కాదు. ప్రేమగా ఇచ్చిన వస్తువుని అనుమానించాలని తోచలేదు, అంతే. గొట్టం ఎప్పుడో శుభ్రపడింది. రోజున్నర నుంచి ఆయన కడుగుతున్నది మేనకోడలి కానుకని.

భార్య వంటింట్లోకి వెళ్లి చెక్క గరిటె తెచ్చి బల్ల మీద పెట్టింది. “పిడి పొడుగ్గానే ఉంది. కోసుకోండి.”

గరిటె పిడితో చేసిన మొన మీద గుడ్డ గొట్టం ఈ చివర దూరి ఆ చివర తెల్లగా బయటికొచ్చింది. మల్లెమొగ్గంత తెలుపు. ఆ తెలుపుని చూసి సంతోషించడానికి ఆయనకి తీరిక లేదు. గొట్టం శుభ్రపడ్డాక కూడా ఎన్నిసార్లు మందు పట్టించాడో లెక్క లేదు. చిన్న లైటు వేసి లోపలికి చూశాడు. మెలికలు తళతళమన్నాయి. మచ్చలున్నాయో లేవో ఆ వయసు కళ్లకి అంతుపట్టలేదు. పేలిస్తే గాని తెలియదు.

సాయంత్రం మేనకోడలు వస్తే, కడ్డీని అటు తిప్పి ఆ గరిటె మొన కనబడకుండా పెట్టొచ్చు. అలా పెట్టాడు కూడా. ఆమె వచ్చాక రైఫిల్ పెట్టె మూత వేశాడు గాని చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

“అమ్మాయ్, దీన్ని మితిమీరి కడిగాను. కొత్త మొన ఇత్తడిది, దాని నీలాన్నే గొట్టం నీలమనుకున్నాను. లోపల దెబ్బతిందేమో తెలియదు.”

ఆమె పెట్టెని తనవైపు లాక్కుంది. “ఇచ్చింది నేనే కదా.”

“వాడింది నేను.”

“ఇప్పుడేం చెయ్యమంటావు మామయ్యా?”

“మరీ కడిగిన గొట్టం మొదట్లో పెడసరంగా ఉంటుంది. కాస్త రాగి తిరిగి పట్టాలి. రేపు పోటీకి ముందిచ్చే గురి చూసుకునే టైములో తొందరపడకు. మొదటి పది గుళ్లు ఎటు పోయినా గురి సరిచేసే మరలు తిప్పకు. పదకొండోదాన్నుంచి చూడు. అప్పటికీ కుదరకపోతే తప్పు గొట్టానిది, అంటే నాది.”

ఆదివారం పొద్దున రేంజి గోడ వెనక, నడిచి నడిచి నున్నబడిన మట్టిలో ఆయన తిరుగుతున్నాడు. గురి పలకలు ఎప్పుడూ చూడడు, వింటాడు. కాల్పుల వరసలో ఎనిమిదో చోటు ఆమెది, ఆ చప్పుడునే వేరుచేసి వింటున్నాడు. ఒక పేలుడు. చాలాసేపటికి ఇంకొకటి. గుండు ఎక్కడ పడిందో దూరదర్శినిలో చూసుకుంటున్నట్టుంది. మూడు, నాలుగు. మర తిప్పుతుందేమో. తిప్పకమ్మా అనుకున్నాడు. తొమ్మిది. పది. తర్వాత నిశ్శబ్దం ఎంతసేపు సాగిందంటే, ఆయన పాదాలు కూడా ఆగిపోయాయి.

పదకొండు. కాసేపటికి పన్నెండు. అంతే వ్యవధిలో పదమూడు. ఆ తర్వాత గుళ్లు ఒకే ఎడంతో రావడం మొదలయ్యాయి, నిద్రపోతున్న మనిషి ఊపిరిలాగా. గురి వెతుక్కునేవాళ్ల చప్పుడు అలా ఉండదు.

గోడ పక్కన ఒక సిమెంటు బెంచీ ఉంది. ఆయన దాని అంచున కూర్చున్నాడు. టీ తెస్తున్న వాచ్‌మన్ దూరంగానే నిలబడిపోయాడు. “బాబాయ్, ఒంట్లో బాగా లేదా?”

“బాగానే ఉంది. కప్పు అక్కడ పెట్టి వెళ్లు.”

మధ్యాహ్నం బోర్డు మీద కాగితం అంటించారు. నాలుగో వరసలో ఆమె ఉంది. అయిదో మనిషికీ ఆమెకీ మధ్య తేడా ఒక్క పాయింటు.

ఆమె రైఫిల్ పెట్టె భుజాన వేసుకుని గోడ వెనక్కి వచ్చి, బెంచీ మీద దించింది. అప్పటికి ఆయన లేచి మళ్లీ తిరుగుతున్నాడు.

“మామయ్యా, ఈ వారమంతా దీన్ని నీకు చూపించను.”

“చూపించకు.”

“ఒట్టు వెయ్యి.”

ఆయన తలూపాడు. తలూపుతూనే పెట్టె మూత కొద్దిగా ఎత్తి, గొట్టం మూతి దగ్గరికి ముక్కు తీసుకెళ్లాడు.