అప్పటికప్పుడు వచ్చింది కాదు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండు మూడు మాటల అబద్ధం. మోస్తున్నానంటే కుంగిపోయానని అనుకోకండి. వేళకి తిన్నాను, పడుకుంటే నిద్ర పట్టింది, పెళ్లి చేసుకున్నాను, గుడివాడలో పిల్లలకి గిటారు నేర్పుకుంటూ సుఖంగానే ఉన్నాను. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ సుఖమే. చేసిన పనికి ఎక్కడో ఒకచోట దెబ్బ తగలాలి కదా? నాకు తగల్లేదు.

నా పేరు రాయడం లేదు. ఆ అబద్ధం ఎవరికి చెప్పానో అతను మాత్రం ఇది చదివితే వెంటనే గుర్తుపడతాడు. మీరు మా వైపువాళ్లు కాకపోతే ఇంకా మంచిది. ముక్కూ మొహం తెలియనివాళ్లకి చెప్పడం తేలిక.

తొంభైల చివర్లో మేం నలుగురం బందరులో ఆర్కెస్ట్రా నడిపేవాళ్లం. పెళ్లిళ్లకీ, కాలేజీ వార్షికోత్సవాలకీ సినిమా పాటలు వాయించేవాళ్లం. జోసెఫ్‌ది డ్రమ్స్. గుడివాడలో వాళ్ల చర్చిలో నేర్చుకున్నాడు. ఖాదర్‌ది బేసు గిటారు. లీడు గిటారు నాంచారయ్య, చిలకలపూడిలో రోల్డు గోల్డు నగలు చేసే ఇంటివాడు. రెండో గిటారు నేను. మాది పెడన, కలంకారీ అద్దకం ఇల్లు.

ఖాదర్ వాళ్ల అన్నయ్య ఓడలో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకి వస్తూ కొన్ని క్యాసెట్లు తెచ్చాడు. ఏదో విదేశీ రాక్ బ్యాండు కచేరీలు. జనంలో నిలబడి ఎవరో రికార్డు చేసినవి. ఈలలు, దగ్గులు, పక్కవాళ్ల మాటలు కూడా వినపడేవి. ఒకే పాట రెండు క్యాసెట్లలో ఉంది. ఒకదాంట్లో చిన్నగా అయిపోయింది. రెండోదాంట్లో మొదలైన పాట ఎటో వెళ్లిపోయి, ఆ వైపు టేపు అయిపోయేదాకా తిరిగి రాలేదు. క్యాసెట్టు పాడైందనుకున్నాం. మళ్లీ వింటే తెలిసింది, వాళ్లు కావాలనే వెళ్లారని. ముందు ఏమీ అనుకోకుండా, ఒకళ్ల వాయింపు ఒకళ్లు వింటూ, అప్పటికప్పుడు అల్లుకుంటూ వెళ్తున్నారని.

నాంచారయ్యకి అదే లోకమైపోయింది. అప్పటినుంచి ప్రతి కచేరీలో సినిమా పాటలన్నీ అయ్యాక, జనం కుర్చీల్లోంచి లేస్తున్నప్పుడు, మేం మాకోసం ఒకటి వాయించుకునేవాళ్లం. దానికి పేరు లేదు. గిటారు మీద 'ఈ మైనరు' అనే స్వరమేళం పట్టుకుని బయల్దేరేవాళ్లం, అంతే. నాంచారయ్య ఒకటే షరతు పెట్టాడు. ఏం వాయించాలో ఎవరూ ముందు అనుకుని రాకూడదు. అందరం సరేనన్నాం. నేనూ సరేనన్నాను.

ఖాదర్ సౌండు మిక్సరుకి టేప్‌రికార్డరు తగిలించి ప్రతి కచేరీ రికార్డు చేసేవాడు. తర్వాత నలుగురం కూర్చుని వినేవాళ్లం. ఆ వినడం నాకు నరకంగా ఉండేది. నాంచారయ్య వంతు వస్తే గిటారు ఎక్కడికి వెళ్తుందో వాడికే తెలియనట్టు ఉండేది. తప్పులు పడేవి, తీగ కీచుమనేది, అయినా ప్రాణం ఉండేది. నా వంతు రాగానే నేను తెలిసిన నాలుగు స్వరాల చుట్టూ తిరిగి, మళ్లీ తిరిగి, గబగబా వాడికి అప్పజెప్పేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. జోసెఫ్ ఒకసారి నా వంతు వస్తుంటే టీ తెస్తానని లేచాడు. నిజంగా టీ కోసమే లేచాడేమో. నాకు మాత్రం అది గుచ్చుకుంది.

ఆ వేసవి నేను సాధన మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు పనివాళ్లు అద్దిన బట్టలు ఉతకడానికి కాలవకి వెళ్లేవాళ్లు. ఖాళీ అయిన మా అద్దకం షెడ్డులో బల్ల మీద కూర్చుని ఒక వాయింపు తయారుచేసుకున్నాను. మొదలు, ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం, అన్నీ. మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని మధ్యలో ఒక తడబాటు కూడా పెట్టుకున్నాను. ఒక స్వరం దగ్గర దారి తప్పినట్టు ఆగిపోవాలి. ఊపిరి పీల్చుకునేంతసేపు ఏమీ వాయించకూడదు. తర్వాత అప్పుడే దొరికినట్టు పైస్వరం అందుకోవాలి. ఆ ఆగడం కుదరడానికే చాలా రోజులు పట్టింది. ఎంత ఆగాలి? ఎక్కువ ఆగితే నటనలా ఉండేది. తక్కువ ఆగితే ఎవరికీ తెలిసేది కాదు. వినేవాళ్లని ఎలా నమ్మించాలా అని అంత శ్రద్ధగా ఆలోచించినవాడు, తను చేస్తున్నది మోసమని ఒక్కసారైనా అనుకోలేదా? అనుకున్నాను. అనుకుని మళ్లీ వాయించాను.

ముందే తయారుచేసుకున్న సంగతి బయటపడకుండా దాన్ని అవనిగడ్డలో వాయించాను. పులిగడ్డ వంతెన దాటి సామానుతో వ్యానులో వెళ్లాం. అక్కడి కుర్రాళ్ల సంఘం వార్షికోత్సవం. పాటలయ్యాక ఎప్పటిలా మాది మొదలైంది. నాంచారయ్య కాసేపు వాయించి నావైపు గడ్డం ఎగరేశాడు, తీసుకోమని. తీసుకున్నాను. లేవబోయినవాళ్లు కూర్చున్నారు. ఆ తడబాటు దగ్గర ఆగినప్పుడు స్టేజి కింద ఒక్క చప్పుడు లేదు. పైస్వరం అందుకోగానే జోసెఫ్ వెనకనుంచి 'ఆహా' అన్నాడు. అది కూడా టేపులో పడింది.

ఆ క్యాసెట్టు మేం పంచిపెట్టలేదు, దానంతటదే పాకింది. ఒకళ్లకి కాపీ ఇస్తే పదిమంది చేసుకున్నారు. గుడివాడ బస్టాండు దగ్గర టీకొట్టులో విన్నాను. పామిడిముక్కల వైపు వెళ్లే ఆటోలో విన్నాను. గర్వపడ్డానా అంటే పడ్డాను. దాచడం ఎందుకు?

నాంచారయ్య ఆ క్యాసెట్టు వాళ్ల పనిచోట పెట్టుకుని రోజంతా వినేవాడట. తర్వాత రెండు కచేరీల్లో వాడి చెయ్యి సరిగ్గా ఆడలేదు. మొదలుపెట్టి ఆపేసేవాడు. నావైపు చూసేవాడు. ఆ రెండు కచేరీల్లోనూ నేను వేలికి దెబ్బ తగిలిందని చెప్పి నా వంతు తీసుకోకుండా వెనక తాళం వేస్తూ ఊరుకున్నాను. రెండో వాయింపు నా దగ్గర లేదు మరి.

ఒకరోజు మధ్యాహ్నం వాడు పెడన వచ్చాడు. షెడ్డులోకే వచ్చి, నేను సాధన చేసిన బల్ల మీదే కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పరా," అన్నాడు. "అవనిగడ్డలో వాయించింది ముందే అనుకున్నావా?"

"లేదురా. అప్పటికప్పుడు వచ్చింది."

"ఆ ఆగిన చోటు?"

"అదీ అంతే. ఏం చెయ్యాలో తోచక ఆగిపోయాను."

"నాకు అక్కడ ఎప్పుడు విన్నా కళ్లనీళ్లొస్తాయిరా," అన్నాడు. "ఇన్నాళ్లూ నాకేదో వచ్చనుకున్నాను. వచ్చేవాడికి ఎలా వస్తుందో ఇప్పుడు తెలిసింది."

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. వాడి మొహంలో అసూయ ఉంటే చెప్పేసేవాణ్ణేమో. లేదు. సంతోషం ఉంది, నన్ను చూసి. అది వదులుకోలేకపోయాను. మజ్జిగ తాగి వెళ్లమన్నాను. తాగి వెళ్లాడు.

కొన్నాళ్లకి వాళ్ల నాన్నకి చేదోడు కావాలని చెప్పి కచేరీలు మానేశాడు. గిటారు జోసెఫ్ వాళ్ల చర్చికి ఇచ్చేశాడు. వాడు లేకపోతే మాది మామూలు ఆర్కెస్ట్రా. అదీ మెల్లగా ఆగిపోయింది.

వాడు దిగాలుపడ్డాడని చెబితే ఈ కథ తిన్నగా ఉండేది. పడలేదు. నగల పని పెంచుకున్నాడు, మంచి భార్య దొరికింది, ఎప్పుడు కలిసినా భుజం మీద చెయ్యివేసి నవ్వుతాడు. వాడికి జరిగిన నష్టం ఏమిటి? ఏమీ లేదని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. నమ్మాను కూడా. కానీ ఆ కీచుమనే తీగ, ఎటు వెళ్తుందో తెలియని ఆ చెయ్యి ఇప్పుడు ఎక్కడుంది? మా నలుగురిలో నిజంగా వచ్చినవాడు వాడొక్కడే. వాడికి రాదని వాడు నా మాట వల్ల నమ్మాడు.

ఈ మధ్య వాళ్ల కూతురు శిరీష ఆదివారాలు నా దగ్గరికి గిటారుకి వస్తోంది. వాడే తీసుకొచ్చాడు. "మీ మావయ్య చేతిలో ఉన్నది నేర్పితే వచ్చేది కాదమ్మా, ఊరికే చూసి సంతోషించు," అని నా ముందే ఆ పిల్లకి చెప్పాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

పోయిన ఆదివారం ఆ పిల్ల తీగలు వదిలేసి ఏడుపు మొహం పెట్టింది.

"మావయ్యా, నాన్న వినిపించిన టేపులో నీకొచ్చినట్టు నాకు దానంతటదే రావట్లేదు."

"నాకూ రాలేదమ్మా," అన్నాను. అనుకోకుండా అనేశాను. "అది నేను వేసవంతా కూర్చుని నేర్చుకున్నది."

శిరీష తలెత్తింది. "నాన్నకి తెలుసా?"

"తెలీదు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. తప్పుగా వాయించింది, కానీ ఇంతకుముందులా భయపడుతూ కాదు. ఆ పిల్ల ఇంటికెళ్లి చెప్పిందో లేదో తెలీదు. చెప్పొద్దని నేను అనలేదు. ఆ ఒక్కటీ సరిగ్గా చేశాననుకుంటున్నాను. అయినా వాడు ఈ మాట కూతురి నోట వినడం న్యాయం కాదు. అందుకే రాస్తున్నాను. ఈ కాగితాలు ఎవరికన్నా ముందు వాడికే ఇస్తాను.

చదివి నన్ను తిట్టొచ్చు. పిల్లని మాన్పించొచ్చు. ఏమీ అనకుండా పక్కన పెట్టేయొచ్చు, నాకు ఎక్కువ భయం దానికే. క్షమించమని అడగను. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? వాడు అడిగినదానికి జవాబు ఇవ్వడమే నా చేతిలో ఉంది.

అవును నాంచారయ్యా, ముందే అనుకున్నాను. నీకు వచ్చినట్టు నాకు ఎప్పుడూ రాలేదు.