వెనక్కి చూసే కుర్చీ

మా గుట్ట మీదికి ఏ బండీ రాదు. ఒకప్పుడు అది రాళ్ళ క్వారీ. రాయి అయిపోయాక కంపెనీ వెళ్ళిపోయింది, కొట్టినవాళ్ళు వెళ్ళలేదు. వాళ్ళ ఇళ్ళు ఒకదాని భుజమెక్కి ఒకటి కూర్చున్నట్టు పైదాకా ఉంటాయి. మధ్యలో మెట్లు. ఎవరి గుమ్మం ముందు వాళ్ళు కట్టుకున్నవి కాబట్టి ఒకరి మెట్టు జానెడుంటే పక్కవాళ్ళది మోకాలెత్తు. అంబులెన్సుకి ఫోను చేస్తే పాపం త్వరగానే వస్తుంది. వచ్చి కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి పై ఇంటిదాకా ఉన్న దూరం ఎవరి బాధ్యతా కాదు. చాలా ఏళ్ళుగా అది ఒక్క మనిషి వీపు మీదే ఉంది.

ఆయన్ని అందరూ కుర్చీ బాబాయి అంటారు. పని హమాలీ. గ్యాసు సిలిండర్లు, ఇసుక, సిమెంటు, కొత్త కోడలితో పాటు వచ్చే బీరువా, ఏదైనా పైకి చేరాలంటే ఆయన వీపెక్కాల్సిందే. రోగిని కిందికి దించాల్సి వచ్చినప్పుడు మాత్రం కుర్చీ తీస్తాడు. ఏదో ఆఫీసువాళ్ళు పారేసిన ఇనుప కుర్చీ అది. వెల్డింగు షాపతను కాళ్ళు కోసేసి, పాదాలు ఆనించుకోవడానికి ఒక కడ్డీ అతికించాడు. పాత ఇనుము కొట్లో పడున్న కారు సీటు బెల్టులు తెచ్చి, బాబాయి భుజాలకి రెండు, కూర్చునేవాళ్ళ నడుముకి ఒకటి కట్టారు. వీపుకి వీపు ఆనుతుంది. ఆయన ముందున్న మెట్టు చూస్తాడు. కూర్చున్నవాళ్ళు వెనక్కి చూస్తారు. తమ గుమ్మాన్ని, గుమ్మంలో నిలబడ్డవాళ్ళని, అవి చిన్నవైపోవడాన్ని.

ఆ కుర్చీలో దిగినవాళ్ళు తిరిగి రారని మా గుట్ట నమ్మకం. బాగైనవాళ్ళు లేకపోలేదు, కానీ వాళ్ళు తమ కాళ్ళ మీద ఎక్కి వచ్చారు కాబట్టి లెక్కలోకి రాలేదు. అన్నం తినని పిల్లల్ని "ఉండు, కుర్చీని పిలుస్తా" అని బెదిరిస్తారు. ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే పలకరించేవాళ్ళు మొదట అడిగేది "కుర్చీదాకా వచ్చిందా?" అని. రాలేదంటే ఊపిరి పీల్చుకుంటారు. వచ్చిందంటే గొంతు తగ్గించి మాట్లాడతారు. బాబాయి ఇంట్లో అది పెరటి గోడకి వేలాడుతుంది. మీద గోనెసంచి కప్పి ఉంటుంది. కోడలు ఆ గోడ పక్కన తడిబట్ట కూడా ఆరెయ్యదు.

బాబాయి భార్యకి ఆయాసం. చలి పెరిగేకొద్దీ అదీ పెరిగింది. కింద ఆరోగ్య కేంద్రానికి పోదామంటే, "నా పని ఇంకా కుర్చీదాకా రాలేదులే" అనేది. మొగుడి వీపు మీదే ఊరందరూ దిగుతున్నా, ఆమె భయమూ ఊరి భయమే. చివరికి పెదవులు నీలంగా మారాక ఎక్కింది.

రోగిని మోసేటప్పుడు బాబాయి దారంతా మాట్లాడుతూనే ఉంటాడు. మొహం కనబడదు కాబట్టి వెనక నుంచి "ఊఁ" అని వినబడాలి, అదే ఆయనకి నాడి. ఆ రోజు భార్యకి తమ పెళ్ళిచూపుల్లో జరిగిన గొడవ చెబుతున్నాడు. ఆమె అడుగడుగునా తప్పులు దిద్దుతోంది. పెద్దబండ మలుపు దగ్గర దిద్దడం ఆగిపోయింది. ఆయన తరవాత నాతో ఇలా అన్నాడు: "బతికున్న బరువు మనకి తోడొస్తుందయ్యా. మెట్టు దిగితే అదీ దిగుతుంది. పోయిన బరువు ఉన్నచోటే ఉంటానని లాగుతుంది." అయినా ఆయన ఆగలేదు. పెళ్ళిచూపుల కథ కిందిదాకా చెప్పి ముగించాడు. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు, మంచివాడే, విసుగ్గా కాదు బాధగానే అన్నాడట, ఇంత ఆలస్యంగా తెస్తే మేమేం చెయ్యగలం అని. బాబాయి ఖాళీ కుర్చీ భుజాలకి తగిలించుకుని బయటికొచ్చాడు.

అప్పటి నుంచి, వీపు మీద సిమెంటు బస్తా ఉన్నా సరే, ఆ మలుపులో వెనక నుంచి "ఊఁ" అని వినబడుతుందని చెప్పాడు. ఇంటి కప్పు కారుతోందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. భయం లేదా అంటే, "బతికుండగా నా మాట ఎప్పుడూ పూర్తిగా వినలేదు. ఇప్పుడు వింటోంది, విననీ" అన్నాడు.

కోడలిది వేరే బాధ. అత్తను దించుతున్నప్పుడు గుమ్మంలో నిలబడ్డది ఆ పిల్లే. అత్త చూపు ఆమె మీదే ఉంది. అంతలో పెరట్లో కుళాయి కింద బిందె నిండి పొర్లుతున్న చప్పుడు వినబడి లోపలికి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి కుర్చీ సందు తిరిగిపోయింది. ఇప్పటికీ బిందె సగం నిండగానే కుళాయి కట్టేస్తుంది. ఎందుకని అడిగితే నీళ్ళు ఆదా అంటుంది.

ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో పాదాలు వాచాయి. కడుపుతో ఉంటే వాయవా అన్నారు అమ్మలక్కలు. తరవాత మొహం ఉబ్బింది. ఒక పొద్దున బియ్యం ఏరుతూ, రాళ్ళు కనబడటం లేదు మామయ్యా, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి, తల పగిలిపోతోంది అంది. బాబాయి పెరట్లోకి వెళ్ళి గోనెసంచి తీశాడు. ఆ చప్పుడుకి ఆమె లేచి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

"నేను ఆ కుర్చీ ఎక్కను మామయ్యా. కావాలంటే దొర్లుకుంటూ దిగుతాను."

మెట్లు నడిచి దిగే స్థితి కాదు. కొడుకు లారీ మీద ఎక్కడో ఉన్నాడు, ఫోను కలవలేదు. పక్కింటావిడ తలుపు దగ్గర కూర్చుని బతిమాలింది, తిట్టింది, మళ్ళీ బతిమాలింది. లోపలి నుంచి ఒకటే మాట. బాబాయి ఖాళీ కుర్చీని తగిలించుకుని ఒక్కడే దిగిపోయాడు. ఖాళీ కుర్చీతో ఆయన అంత వేగంగా దిగడం చూసి, మతి పోయిందేమో అనుకున్నారు.

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఒక్కతే ఉంది. భారీ మనిషి. ఈ కేంద్రం అందరిదీ అని బయట బోర్డు మీద రాసుంటుంది. బోర్డు మెట్లెక్కదు, నర్సమ్మా ఎక్కలేదు. ఆమెకు పొగరని గుట్ట మీద అనుకునేవాళ్ళు. నిజానికి మోకాళ్ళు అరిగిపోయి, కుర్చీలోంచి లేవడానికే బల్ల పట్టుకుంటుంది. బాబాయి చెప్పింది విని ఆమె అప్పుడే బల్ల పట్టుకుని లేచింది, కానీ గుమ్మం దాటి మెట్ల వైపు చూసి ఆగిపోయింది.

"నేనొస్తానన్నా ఇవి రానంటాయయ్యా" అని మోకాళ్ళు చూపించింది.

"వాటితో పనిలేదమ్మా. ఇందులో కూర్చోండి."

ఆమెకీ ఆ కుర్చీ కథలు తెలుసు. దాని వంకా, ఆయన వంకా చూసింది. "నేను రెండు సిమెంటు బస్తాలుంటాను" అంది.

"సిమెంటు మాట్లాడదు. మీరు మాట్లాడుతూ ఉంటే చాలు."

ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో, గుట్ట పుట్టాక మొదటిసారి ఆ కుర్చీ మనిషితో పైకి ఎక్కింది. జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళ కళ్ళ ముందు నుంచి బాబాయి వంగి పోయాక, ఆయన వెనక ఒక తెల్లచీర, వాళ్ళ వైపే తిరిగిన మొహం, మెల్లగా పైకి తేలిపోతోంది. చూపు సరిగా ఆనని ఒక ముసలామె, పోయినవాళ్ళు తిరిగొస్తున్నారని తలుపు వేసుకుంది. నర్సమ్మ మాత్రం నోరు ముయ్యలేదు. ఈ మెట్టు ఎవడు కట్టాడు, వాడి చెయ్యి విరగ, అని ఒకటి. మెల్లగా పోవయ్యా, కింద చూస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయి అని ఒకటి. మలుపు దగ్గర కూడా తిడుతూనే ఉంది. అక్కడ తనకి ఆ రోజు రెండు గొంతులు వినబడ్డాయని బాబాయి తరవాత నాతో అన్నాడు.

నర్సమ్మ గొంతు విని కోడలు గడియ తీసింది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసిన నర్సమ్మ, మళ్ళీ చూసింది. అంతవరకూ ఆగని నోరు అప్పుడు ఆగింది.

"ఇది ఇంట్లో తగ్గేది కాదమ్మా. ఫిట్స్ వస్తే నువ్వూ దక్కవు, బిడ్డా దక్కదు. కిందికి అంబులెన్సుని పిలుస్తున్నాను. ఇప్పుడే దిగాలి."

"అందులో నేను ఎక్కను."

"నేను ఎక్కొచ్చాను కదే, నాకేమైంది?"

"మీరు పైకొచ్చారు."

నర్సమ్మ మంచం అంచున కూర్చుంది. కేకలెయ్యలేదు. "ఆ కుర్చీ ఎవర్నీ చంపలేదే పిల్లా. మీరే చావు దగ్గరికొచ్చేదాకా దాన్ని ఎక్కరు. పాపం దానికి చుట్టుకుంది" అంది.

కోడలు గోడవైపు తిరిగింది. తలనొప్పికి కళ్ళు సగం మూసుకునే ఉంది. చివరికి ఇంకో మాట అంది. అది ఎవరూ ఊహించని మాట.

"అత్తయ్యకి ఎదురుగా ఎవరూ లేరు. చివరిదాకా ఖాళీ మెట్లే చూసింది. నాకెదురుగా ఎవరైనా ఉంటే ఎక్కుతాను."

కూర్చున్న మనిషికి ఎదురుగా ఉండాలంటే కుర్చీ వెనకాలే నడిచి దిగాలి. నర్సమ్మ తన మోకాళ్ళ వంక చూసుకుని, "పదండి" అంది.

అలా దిగారు ముగ్గురూ. ముందు బాబాయి, ఆయన వీపుకి వీపానించి కోడలు, ఆమెకెదురుగా, గోడలు పట్టుకుంటూ, మోకాలెత్తు మెట్ల దగ్గర కూర్చుని జారుతూ నర్సమ్మ. కళ్ళు మూసుకోకు, నన్నే చూడు, నా మొహం నచ్చకపోయినా చూడు అంటూనే ఉంది. పెద్దబండ మలుపు వచ్చింది. కోడలి మాట ఆగింది. బాబాయికి మెట్టు కనబడలేదు. కాలు గాల్లోనే ఉండిపోయింది. బరువు తోడొస్తోందో లేదో తెలుసుకునే ధైర్యం లేక ఆ కాలు కింద పెట్టలేకపోయాడు.

"ఉందయ్యా, నన్నే చూస్తోంది" అని వెనక నుంచి నర్సమ్మ అంది. "నువ్వు నడు."

ఆసుపత్రిలో ఆ రాత్రే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. గుప్పెడంత ఆడపిల్ల. గాజుపెట్టెలో పెట్టి, చాలా రోజులకి గానీ తల్లి చేతికివ్వలేదు. తల్లికి చూపు మసకబారి మెల్లగా తిరిగొచ్చింది. ఇద్దరూ దక్కారు. అదే కుర్రడాక్టరు ఈసారి, ఇంకో గంటైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడట.

తరవాత కుర్చీకి పని పెరిగింది. వారానికోసారి నర్సమ్మ అందులో పైకొచ్చి, ఒక ఇంటి అరుగు మీద కూర్చుని అందరికీ బీపీలు, షుగర్లు చూస్తుంది. మోస్తున్నంతసేపూ బాబాయిని తిడుతుంది. జనం కూడా జ్వరం ముదరకముందే కుర్చీ అడుగుతున్నారు. కొందరికి మరీ అలుసైంది, పన్నునొప్పికి కూడా పల్లకీ కావాలా అని కోడలు దెప్పుతుంది. ఆ మాట అనే హక్కు ఆమెకుంది. ఎందుకంటే ఇప్పుడు కుర్చీ ఎవరిని దించినా, పాపని పక్కింట్లో వదిలి, వెనక నడిచేది ఆమే. ఎదురుగా ఉండి, కళ్ళలోకి చూస్తూ, ఏదో ఒకటి మాట్లాడిస్తుంది. బాబాయి ఇప్పుడు మాట్లాడడు. మెట్లు చూసుకుంటాడు.

మొన్న వానాకాలంలో దర్జీ తాతని దించారు. గుండె పట్టేసినట్టుందని తనే పిలిచాడు, సమయానికే పిలిచాడు. ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. సమయానికి బయల్దేరినా కొందరికి దారి సరిపోదు. ఆ మాట గుట్ట మీద ఎవరూ పైకి అనరు. దారి పొడుగునా కోడలి గొంతు వినబడుతూనే ఉంది. తాతా, నా జాకెట్టు చేతులు ఎప్పుడూ బిగుతుగానే కుడతావేం, తాతా, ఈసారి పాపకి గౌను కుట్టాలి, పూసలు కూడా వెయ్యాలి, సరేనా. సరే, నువ్వు సరేనంటే చాలు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కుర్చీ దించి, బెల్టు విప్పకుండానే బాబాయి అడిగాడు.

"ఎక్కడ ఆగిందమ్మా?"

"పైనే మామయ్యా. రెండో కుళాయి దగ్గర."

"మరి మాట్లాడుతూనే ఉన్నావు."

"మీరు మెట్ల మీదున్నారు."

ఆయనకి రెండో కుళాయి దగ్గరే తెలుసు. బరువు వెనక్కి లాగింది. కోడలు వెనక మాట్లాడుతోంది కదా, ఆ మాట తెగకూడదని తనూ ఆగలేదట. ఇది ఆమెకి చెప్పలేదు.

వాన మొదలైంది. తాతని అంబులెన్సులోకి ఎక్కించాక బాబాయి ఖాళీ కుర్చీ భుజాలకి తగిలించుకున్నాడు. కోడలు ఆయన వెనకాలే, కుర్చీకి ఎదురుగా, పైకి నడిచింది. మెల్లగా, ఎవరికీ అర్థం కానంత చిన్నగా, దారంతా మాట్లాడుతూనే ఉంది. ఎవరితోనని ఆయన అడగలేదు.