వంశవృక్షంలో లేని అత్తగారు

చదువు కొత్తగా తలకెక్కుతున్న రోజుల్లో మనిషికి తనకు తెలియనిదంటూ లేదనిపిస్తుంది. తెలియనిది చాలా ఉందని తెలిసేసరికి జుట్టు నెరుస్తుంది. పంతొమ్మిదివందల అరవైల చివర్లో నేను కడప జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి యూనివర్సిటీలో హిస్టరీ ఎమ్మే చదువుతున్నప్పుడు నాది అచ్చంగా మొదటి దశ. ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కుతుంటే నేరుగా చరిత్రలోకే ఎక్కుతున్నానని అనుకునేవాణ్ణి (దిగేటప్పుడు మాత్రం మెస్సులో సాంబారు అయిపోయిందేమోనన్న చింత తప్ప మరేమీ ఉండేది కాదు). పైగా సాయంత్రం క్లాసుల్లో ఉర్దూ అక్షరాలు నేర్చుకుంటున్నాను. అలిఫ్, బే రాగానే పాత దస్తావేజులన్నీ నాకోసమే దుమ్ము కొట్టుకుని ఎదురుచూస్తున్నాయని నమ్మకం కుదిరింది.

తార్నాకలో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువగా ఉన్న ఒక వీధిలో నాకు గది దొరికింది. ఇంటాయన భువనగిరి అవతలి సేద్యపు కుటుంబం నుంచి వచ్చి ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా స్థిరపడ్డవారు. ఊళ్లో పటేలుగిరీ ఎప్పుడో పోయినా వీధిలో అందరూ ఆయన్ని పటేలనే పిలిచేవారు, ఆయనా ఆ పిలుపుకు తగ్గట్టే మీసం దువ్వుకునేవారు. ఇంట్లో ఆయన తల్లి ఉండేది, నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. ఆయన కూతురు బీయీడీ చదువుతుండేది. నన్ను తమ్మీ అని పిలిచి, రోజూ సాయంత్రం గ్లాసుడు చాయ్ పంపి, ఊడిన గుండీలు కుట్టించి పెట్టిన ఆ అక్క లేకపోతే నేను మొదటి సంవత్సరంలోనే కడప బస్సెక్కేసి ఉండేవాణ్ణి.

ఆ అక్కకు పెళ్లి కుదిరింది. వరుడు క్యాంపస్‌లోనే బాటనీ లెక్చరర్. ఆ సంబంధం పెద్దవాళ్లే వెతికి తెచ్చారని పెద్దవాళ్లు అనుకునేవారు. బాటనీ ఆయనకు లైబ్రరీలో బీయీడీ పుస్తకాల బీరువా దగ్గర అంతంతసేపు ఏం పని అని ఆలోచించే తెలివి నాకూ లేకపోయింది. సంబంధం ఖాయం చేసుకునే మాటాముచ్చట రోజున వరుడి తండ్రి చంకలో ఒక లావుపాటి ఉర్దూ పుస్తకం పెట్టుకుని వచ్చాడట. పాత హైదరాబాదులో పేరు మోసినవాళ్ల జీవిత విశేషాలు రాసిన పుస్తకం. అందులో వాళ్ల తాతగారి మీద అరపేజీ ఉంది. ఆ అరపేజీని ఆయన భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి చదివి వినిపించాడట. పటేలుగారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నేను కాలేజీ నుంచి రాగానే నా గది గుమ్మంలో నిలబడి, "నువ్వు హిస్టరీ చదువుతున్నవు గద. మా ఖాందాన్ గురించి గూడ రాసి పెట్టరాదు? నిశ్చితార్థం నాడు నేను గూడ చదువుత" అన్నారు.

ఆకలిగొన్నవాణ్ణి విందుకు పిలిచినట్టయింది. ఆయన ఇచ్చిన సమాచారం మాత్రం చాలా పొదుపు. తాత పేరు మల్లయ్య, గుర్రం మీద తిరిగేవాడు, ఫలానా ఊళ్లో భూములుండేవి. ఆ మల్లయ్య తండ్రెవరని అడిగితే, "అది నువ్వే గద తియ్యాల్సింది" అని మీసం మీద చెయ్యి వేసుకుని వెళ్లిపోయారు. సరేనని పాత రికార్డుల ఆఫీసు చుట్టూ తిరిగాను. తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడ్డాక ఆ ఊరి భూముల కాగితాలు దొరికాయి. మొదట నర్సయ్య అనే ఆయన పేరు మీద ఉన్న పొలం తర్వాత మల్లయ్య పేరు మీదికి వచ్చింది. తండ్రి తర్వాత కొడుకు, అంతేగా. ఇక పనిలో పనిగా వియ్యంకుడి అరపేజీ కూడా చూద్దామని యూనివర్సిటీ లైబ్రరీలో ఆ లావుపాటి పుస్తకం తీశాను. వాళ్ల తాత రామయ్యగారు సేద్యం వదిలి పట్నం వచ్చి కొలువులో చేరి పైకి వచ్చాడు, ఆయన తండ్రి పేరు నర్సయ్య, ఊరు ఫలానా అని ఉంది. అదే ఊరు. అదే నర్సయ్య. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

రెండు కుటుంబాల ఇంటిపేర్లు వేరు కదా అన్న సందేహం నాకు రాకపోలేదు. వచ్చింది. వచ్చిన సందేహాన్ని అట్టే పెట్టుకోకుండా, ఊళ్లు మారినప్పుడు ఇంటిపేర్లు మారే తీరు మీద పేజీ నిండా రాసి దాని నోరు మూశాను. తర్వాత జాగ్రఫీ మిత్రుణ్ణి అడిగి పెద్ద చార్టు తెచ్చి, నల్లసిరాతో వంశవృక్షం గీశాను. మొదట్లో నర్సయ్య, ఒక కొమ్మ రామయ్య, ఒక కొమ్మ మల్లయ్య, వాళ్ల కింద కొడుకులు, మనవళ్లు. గడులన్నీ స్కేలు పెట్టి గీశాను. ఎంత అందంగా వచ్చిందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

నిశ్చితార్థం వారంలోకి వచ్చాక ఆదివారం నాకు వాళ్లింట్లోనే భోజనం. పప్పుచారుతో అన్నం తిని, మజ్జిగ ఇంకా రాకముందే ఆత్రం పట్టలేక చార్టు గోడకు ఆనించి వ్యాసం చదవడం మొదలుపెట్టాను. మల్లయ్యగారి దాకా పటేలుగారు తలాడించారు. ఆ పైన నర్సయ్య పేరు రాగానే తలాడించడం ఆగింది. ఆనందం వల్ల కాబోలనుకున్నాను. చివరి వాక్యం నేను బాగా కష్టపడి చెక్కింది: విధి వశాన విడిపోయిన ఈ రెండు శాఖలూ ఒకే మానుకు చెందినవని ఈ శుభకార్యం లోకానికి చాటుతున్నది. అది చదివి, చప్పట్లు కొడతారేమోనని తలెత్తి చూశాను.

"అంటే, వాళ్లు మాకు పాలోళ్లా?" అన్నారు పటేలుగారు నెమ్మదిగా.

పాలోళ్లంటే దాయాదులు. నేను ఉత్సాహంగా, "అవును సార్, సొంత అన్నదమ్ముల సంతానం" అన్నాను. అన్నాక నా మాట నా చెవిన పడింది. అన్నదమ్ముల సంతానమంటే అక్కకు బాటనీ ఆయన అన్న వరస. నాలుగు తరాల కిందటి మాట కదా అని చదువుకున్నవాళ్లం అనుకోవచ్చు, కానీ అన్నాచెల్లెళ్ల వరస వాళ్లకు పీటలు వేసే ఇల్లు కాదది. ఇంటావిడ నాకోసం తెస్తున్న మజ్జిగ గిన్నెతో సగం దారిలోనే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అక్క నన్ను ఒక్క చూపు చూసి లోపలి గది తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో నా బతుకు చెప్పుకోకూడదు. సాయంత్రం చాయ్ ఆగిపోయింది. పటేలుగారు ఒకసారి వచ్చి, ఇదంతా తప్పని ఇంకో కాగితం రాయగలవా అని అడిగారు. నాలోని చరిత్రకారుడు ఇంకా చావలేదు కాబట్టి, సాక్ష్యం ఉంది కదా సార్ అన్నాను. గుమ్మం వెనకనుంచి అక్క గొంతు వినిపించింది, "నీ సాక్ష్యం నువ్వే కట్టుకొని ఊరేగు తమ్మీ" అని. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. ఆ మాటతో నాకు నిజంగా భయం పట్టుకుంది. మళ్లీ రికార్డుల ఆఫీసుకు పరిగెత్తాను, ఈసారి నేను తప్పని రుజువు చేసుకోవడానికి. నా తప్పు నాకు ఎంత వెతికినా దొరకలేదు (ఈ విషయంలో నేను ఇప్పటికీ అంతే).

మర్నాడు పొద్దున పటేలుగారు ఆఫీసుకు బయలుదేరుతుండగా, వరండాలో చింతపండు గింజలు తీస్తున్న అవ్వ నన్ను పిలిచింది. ఆ ఆదివారం నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. కొడుకు ముఖం చూస్తూ కూర్చునేది, అంతే. ఆ చార్టు తెమ్మంది. తెచ్చి ఆమె ముందు పరిచాను. చదువు రాకపోయినా చాలాసేపు చూసింది.

"మా అత్త ఏడున్నది ఇండ్ల?"

వంశవృక్షంలో ఆడవాళ్లను రాయరని, రికార్డుల్లో కూడా వాళ్ల పేర్లుండవని వివరంగా చెప్పాను. అవ్వ విని, మరి వీళ్లంతా ఒకరి నుంచి ఒకరు ఎట్లా పుట్టారని అడిగింది. ఎమ్మేలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"నర్సయ్య మా అత్తకు నాయన. కొడుకు పట్నం పోయి కొలువుల జేరిండు, మల్ల రాలె. ఎవుసం చూసే దిక్కు లేక బిడ్డకు ఇల్లరికం తెచ్చిండు. గట్లొచ్చినోడే మా మామ" అంది అవ్వ. మామగారి పేరు ఆమె నోట రాదు కాబట్టి ఏ గడిలో ఉన్నాడో నేనే వేలు పెట్టి చూపించాను.

పటేలుగారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకోబోతూ ఆగిపోయారు. "అమ్మా, ఊకో" అన్నారు.

"ఊకున్న. మీ నాయన చెప్పొద్దన్నడు, ఇన్నేండ్లు ఊకున్న. పిల్ల పెండ్లి కన్న పెద్దదా మీ మీసం?"

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన సమాచారం అంత పొదుపుగా ఎందుకిచ్చారో. ఇల్లరికపు అల్లుడంటే మామ సొమ్ము తిని బతికినవాడని లోకువ. గుర్రం మీద తిరిగిన తాత ఆ గుర్రంతో సహా అత్తవారింటివాడని పటేలుగారు ఎవరికీ చెప్పదలుచుకోలేదు. ఇంటిపేర్లు ఎందుకు వేరుగా ఉన్నాయో కూడా అప్పుడే తెలిసింది: మల్లయ్య నర్సయ్య కొడుకు కానేకాదు, తన ఇంటిపేరు తనతో తెచ్చుకున్నాడు. నేను పేజీ నిండా నోరు మూయించింది పాపం ఆ ఒక్క నిజాన్నే. సిగ్గుచేటైన సంగతి ఇంకొకటుంది. మా అమ్మ వాళ్ల నాయన కూడా ఇల్లటపు అల్లుడే (మా కడపలో ఇల్లరికాన్ని ఇల్లటం అంటారు). చిన్నప్పటి నుంచి ఆయన్ని ఊళ్లోవాళ్లు దెప్పడం విని పెరిగినవాణ్ణి. కాగితం చేతికి రాగానే సొంత ఇల్లు మరిచిపోయాను.

అవ్వ ఇంకా చెబుతూనే ఉంది, ఎవరితోనో కాదు, చింతపండుతో చెబుతున్నట్టు. బతుకమ్మ పండుగకు ఊళ్లో ఆడవాళ్లందరికీ అన్నదమ్ములు చీరలు తెచ్చేవారట. వాళ్ల అత్తకు పుట్టిల్లే అత్తిల్లయింది, ఉన్న ఒక్క అన్నా పట్నంలో కలిసిపోయాడు. "ఎవలు తెస్తరు ఆమెకు? ప్రతి ఏడు గడపల కూసోని తొవ్వ చూసేది" అంది. అన్న వైపు వాళ్లు వాళ్లు, చెల్లెలి వైపు వాళ్లు వీళ్లు. అంటే బావామరదళ్ల వరస. నేను వేళ్ల మీద లెక్క కడుతుండగానే, తలుపు దగ్గర నిలబడ్డ అక్కకు నాకంటే ముందే తేలిపోయినట్టుంది, చటుక్కున వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి గిన్నెల చప్పుడు, చాయ్ వాసన వచ్చాయి.

ఇక మిగిలింది వియ్యంకుడికి ఈ సంగతి చెప్పడం. అది పటేలుగారే చెప్పాలి. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని కాచిగూడ బస్సెక్కారు. వాళ్ల వీధి మొదట్లో ఇరానీ హోటల్లో చాయ్ తాగారు, తాగాక మళ్లీ ఇంకో చాయ్ చెప్పారు. చివరికి ఆ ఇంట్లో కుర్చీ అంచు మీద కూర్చుని, నేల చూస్తూ, "మా తాత ఇల్లరికపు అల్లుడు. మా నాయనమ్మ మీ తాతకు సొంత చెల్లె" అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయన ఎంత కూడదీసుకున్నారో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

ఎగతాళి చేస్తాడేమోనని నేను ఆ పెద్దమనిషి వంకే చూస్తున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా నాయన చెప్పెటోడు, ఊర్ల ఒక మేనత్త ఉన్నదని. పోయి చూద్దమనుకుంటనే కాలం చేసిండు" అన్నాడు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "గట్లయితే నువ్వు నాకు బావవైతవు గద" అన్నాడు. పటేలుగారు అప్పుడు తలెత్తారు. ఆ రోజు ఆ ఇంట్లో లావుపాటి పుస్తకం ప్రస్తావన రాలేదు.

నిశ్చితార్థం రోజున ఎవరూ ఎవరి వంశ చరిత్రా చదవలేదు. వరుడివాళ్లు పళ్లెంలో పెట్టి తెచ్చిన చీరను అక్కకు ఇవ్వబోతుంటే, అవ్వ ముందు తనకివ్వమని చెయ్యి చాచింది. ఒళ్లో పెట్టుకుని మడత మీద చేత్తో నిమిరింది. "మా అత్తకు పుట్టింటి చీర వచ్చింది" అంది. తర్వాత తనే మనవరాలి చేతుల్లో పెట్టింది. పటేలుగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. నేను కూడా ఏదో నలుసు పడిందన్నట్టు కళ్లు నులుముకున్నాను.

తర్వాత ఆయన కోరిక మీద చార్టు సరిదిద్దాను. గడులన్నీ ఇరుకుగా గీసినందువల్ల ఆ అత్తగారికి చోటు లేక, పక్కన ఖాళీలో ఎల్లమ్మ అని రాసి, ఒక వంకర గీతతో చెట్టుకు తగిలించాను. దాన్ని పటేలుగారు ఫ్రేము కట్టించారు. నేను ఎక్కడెక్కడో హిస్టరీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మొన్నామధ్య తార్నాక వెళ్లి, వంతెన కింద దారి తప్పి, చివరికి అక్కావాళ్ల ఇల్లు పట్టుకున్నాను. బాటనీ బావగారు కుండీలకు నీళ్లు పోస్తున్నారు. చార్టు ఇంకా గోడ మీదే ఉంది. నేను దాని ముందు నిలబడి, ఆ రోజుల్లోనే ఒక స్త్రీని వంశవృక్షంలో చేర్చిన నా ముందుచూపును మెచ్చుకుంటూ ఏదో అంటున్నాను. అక్క చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, చార్టు వైపు చూసి, తాపీగా అడిగింది.

"అన్నీ బాగనే ఉన్నయి గని తమ్మీ, మా అవ్వ ఏడున్నది ఇండ్ల?"

గ్లాసు పక్కన పెట్టి, జేబులో పెన్ను తీసుకున్నాను. బావగారు ఫ్రేము దించారు. అక్క అవ్వ పేరు చెబుతుంటే, ఇంకో వంకర గీత గీశాను.