రాతి మీద విడిచిన చోటు

నా చిన్నప్పుడు మా పేట ఇంకా హిందూపురంలో కలిసిపోలేదు. పెనుకొండ రోడ్డులో ఊరు అయిపోయిందనుకున్నాక కొంత దూరం వేరుశనగ చేలు వచ్చేవి. ఆ తర్వాత మా ఇళ్లు మొదలయ్యేవి. బడి ఉండేది కానీ, బడి వదిలాక చదువుకుందామంటే పేట మొత్తం మీద పుస్తకమన్నది కనిపించేది కాదు. అలాంటి పేటకు లైబ్రరీ వచ్చింది. అది రావడానికి కారణం యుద్ధం.

వానలు ముఖం చాటేసిన ఏళ్లలో, చేనును నమ్ముకోలేక మా పేట నుంచి ముగ్గురు కుర్రవాళ్లు మిలిటరీలో చేరారు. యుద్ధం వచ్చింది. ఇద్దరు చనిపోయారని కబురు వచ్చింది. మూడో అతను మా పక్కింటి అవ్వ కొడుకు. అతను కనిపించడం లేదని మాత్రమే చెప్పారు. ఎక్కడో చలికొండల్లో, మంచులో, తోటివాళ్ల నుంచి తప్పిపోయాడట.

పెద్దలందరూ కూడి వాళ్ల పేరున ఒక స్తంభం నిలబెట్టాలనుకున్నారు. మా తాత రోడ్డు పక్కనున్న తన స్థలం ఇస్తానన్నాడు. చనిపోయిన ఇద్దరిలో ఒకరి తల్లి మాత్రం ఆ మాటకు ఒప్పుకోలేదు. "స్తంభం మీద కాకులు వాల్తాయి, అంతే కదప్పా. మావోడు సదువుకోను చోటు లేక వీధిలైటు కింద కూచునేవోడు. పిల్లోళ్లు కూచుని సదువుకునే గది కట్టండి" అంది. ఆమె మాట మీదే గది లేచింది. రాతి గోడలు, బండల మిద్దె, ముందు చిన్న వసారా. పుస్తకాలు హిందూపురం నుంచి గోనెసంచుల్లో ఎడ్లబండి మీద వచ్చాయి. ఎవరెవరో ఇళ్లలో చదివి పక్కన పెట్టినవి. వాటి అట్టలు ఊడిపోయి ఉంటే మా బడి అయ్యవారు మైదాపిండి ఉడికించి అతికించాడు.

వసారా గోడకు నల్లరాతి పలక పెట్టాలనీ, దాని మీద ముగ్గురి పేర్లూ చెక్కించాలనీ అనుకున్నారు. రెండు పేర్లు చెక్కడం అయ్యాక పక్కింటి అవ్వ వచ్చి రాళ్లు చెక్కే ఆయన ముందు కూర్చుంది. ఏడవలేదు, అరవలేదు. "ఉలి కింద పెట్టు నాయనా. మావోడు వస్తాడు. వచ్చినోడు తన పేరు రాతి మీద సూసుకోవాల్నా?" అంది. ఆయన మా తాత వైపు చూశాడు. మా తాత ఆ చోటు అలాగే విడిచిపెట్టమన్నాడు. పలక మీద రెండు పేర్లు, వాటి కింద నున్నగా ఖాళీ. లైబ్రరీ తెరిచిన రోజున అది చూసి కొందరు తప్పు పట్టారు. అయినా మా తాత దాన్ని మార్చనివ్వలేదు.

అవ్వ ధర్మవరం నుంచి మా పేటకు కోడలుగా వచ్చిన మనిషి. పట్టునూలు చుట్టి బతికేది. ఆమెకు చదువు రాదు. అందుకని సాయంత్రం పూట నన్ను వెంటబెట్టుకుని లైబ్రరీకి వచ్చేది. లోపలికి పోకముందు పలక దగ్గర ఆగి, "సదువు పాపా" అనేది. నేను రెండు పేర్లూ చదివేదాన్ని. "ఇంగేమన్నా ఉండాదా?" అని అడిగేది. లేదని చెబితే ఆమె భుజాల బిగువు కొంచెం సడలేది. ఆ ఖాళీ ఆమె కళ్లకు కనపడుతూనే ఉన్నా, నా నోటితో వింటే తప్ప ఆమెకు నమ్మకం కలిగేది కాదు. ఆ తర్వాత లోపల కూర్చుని నా చేత పేపరు చదివించుకునేది. తప్పిపోయి తిరిగొచ్చినవాళ్ల వార్త ఎక్కడైనా ఉందేమో వెతకడమే ఆ చదువు. నాకు చదవడం బాగా పట్టుబడింది అలాగే.

ఒకసారి అవ్వ ధర్మవరంలో ఉన్న కూతురింటికి పోయింది. ఆ రోజుల్లోనే మిలిటరీ వాళ్లు ఇద్దరు మా పేటకు వచ్చారు. మంచు కరిగాక అవ్వ కొడుకు దొరికాడట. అంత్యక్రియలు అక్కడే జరిపించారట. తల్లికి చెప్పే పని తనకు వదిలిపెట్టమని మా తాత వాళ్లను బతిమాలుకున్నాడు.

ఆ సాయంత్రం పెద్దలు లైబ్రరీ వసారాలో కూర్చున్నారు. నేను మా తాత పక్కన ఉన్నాను. అవ్వకు ఎలా చెప్పాలన్నదే మాట. చివరికి ఒకాయన, "ఆయమ్మ వచ్చేలోగా పేరు చెక్కించేద్దామన్నా. సూసి తనే తెలుసుకుంటాది. నోటితో సెప్పే పాపం మనకు తప్పుతాది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. చాలామంది తలలు ఊపారు.

మా తాత నా తల మీద చెయ్యి వేశాడు. "ఆయమ్మకు సదువు రాదు కదప్పా. రాతి మీద ఏముండాదో సదివి సెప్పేది ఈ పాప. మనం పెద్దోళ్లమంతా కలిసి సెప్పలేని మాట దీని నోట్లో పెడదామా?" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే తాత ధర్మవరం రైలెక్కాడు. ఇంట్లో వద్దన్నా వినకుండా నేనూ వెంటపడ్డాను. తాత కిటికీ పక్కన కూర్చున్నాడు. పెనుకొండ వచ్చినప్పుడు కొండ మీది కోట గోడలు చూపిస్తాడని ఆశపడ్డాను. ఎప్పుడు ఆ దారిలో పోయినా చూపించేవాడు. ఆ రోజు ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడటం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మాట ఎలా మొదలుపెట్టాలో తనలో తాను చెప్పి చూసుకుంటున్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

కూతురింట్లో మగ్గం చప్పుడు బయటికే వినబడుతోంది. అవ్వ రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతోంది. మమ్మల్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది. అంతలోనే వెలవెలబోయింది. తాత నిలబడి చెప్పలేదు. వాకిట్లోంచి చెప్పలేదు. పోయి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. లోపల మగ్గం ఆగిపోయింది.

"అమ్మా, పిల్లోడు దొరికినాడు. పానంతో కాదు తల్లీ" అన్నాడు.

రాట్నం ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచింది. అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఆమె, "యాడన్నా?" అని అడిగింది. మంచుకొండల్లో అని తాత చెప్పాడు. "వాడు సలికి తాళలేడన్నా. ఈడ మార్గశిరం సలికే రెండు దుప్పట్లు కప్పుకునేవోడు" అంది. అప్పుడు ఏడ్చింది. కూతురు వచ్చి ఆమె మీద పడిపోయింది. తాత అక్కడి నుంచి కదల్లేదు. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. ఆమె అడిగిన వాటికి తనకు తెలిసినంత చెప్పాడు, తెలియనివి తెలియవన్నాడు. ఎండ వాకిలి దాటి గోడెక్కేదాకా అలాగే కూర్చున్నాడు. నేను ఆయన పంచె అంచు పట్టుకుని ఉన్నాను.

మేము బయలుదేరేటప్పుడు అవ్వ తలెత్తి, "రాతి మీద ఏసినారా?" అని అడిగింది. "నువ్వు సెప్పేదాకా ఎయ్యం" అన్నాడు తాత.

ఆమె పేటకు తిరిగొచ్చాక కూడా వెంటనే చెప్పలేదు. ఎప్పటిలాగే నన్ను తీసుకుని వచ్చేది. పేర్లు చదివించేది. ఇంకేమన్నా ఉందా అని మాత్రం అడగడం మానేసింది. పేటలో ఒక్కరూ ఆమెను తొందరపెట్టలేదు. శనక్కాయలు పెరికే కాలం వచ్చి, కల్లాలు ఖాళీ అయిన తర్వాత, ఒక ఉదయం తనే పోయి రాళ్లు చెక్కే ఆయన్ను పిలుచుకొచ్చింది. ఆయన చెక్కుతున్నంతసేపూ పక్కనే కూర్చుంది. పని అయ్యాక అక్షరాల్లో నిలిచిన పొడిని కొంగుతో తుడిచి, నా వైపు చెయ్యి చాచింది. ఆమె వేలు పట్టుకుని ఒక్కో అక్షరంలోనూ తిప్పించాను. మూడక్షరాల పేరు. బతికినన్నాళ్లూ అవ్వ చదవగలిగింది ఆ మూడక్షరాలే.

తర్వాత్తర్వాత ఊరు పెరిగి మా పేటను తనలో కలుపుకుంది. చేలు లేఅవుట్లయ్యాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గది పోయింది. లైబ్రరీ ఇప్పుడు వేరే వీధిలో కొత్త బిల్డింగులో ఉంది. కంప్యూటర్లున్నాయి, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీలు పట్టుకుంటారు. పలకను మెట్ల పక్క గోడకు పెట్టారు. పిల్లలు దాని కింద చెప్పులు విడుస్తారు. నాకు కోపం రాదు. వాళ్లు కూర్చుని చదువుకోవాలనే కదా ఆనాడు గది కట్టమన్న తల్లి కోరింది.

పోయిన వేసవిలో మా ఆడబిడ్డ కొడుకు బెంగళూరులో, పని దగ్గరే, గుండె ఆగి పోయాడు. కబురు మొదట నాకు వచ్చింది. ఆమె గోరంట్లలో ఒంటరిగా ఉంటుంది. ఫోన్లో చెప్పేద్దామన్నారు ఇంట్లో పిల్లలు. ఎదురింటివాళ్లకు చెబితే వాళ్లే చెబుతారన్నారు. ముందు ఎదురింటివాళ్లకు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా ఆమెను ఒంటరిగా వదలొద్దనీ, ఏమీ చెప్పొద్దనీ అడిగాను. మోకాళ్ల నొప్పులతోనే బస్సెక్కాను. ఆ దారి అంతా ఒకటే ఆలోచన. నేను ఆ గడప తొక్కేవరకు ఆమె కొడుకు ఆమెకు బతికే ఉంటాడు. బస్సు నిదానంగా పోతే బాగుండునని ఒకసారి, త్వరగా చేరితే బాగుండునని ఒకసారి అనిపించింది.

ఆమె చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుని ఉంది. చేట పక్కకు జరిపి, ఎదురుగా కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని, నా నోటితోనే చెప్పాను.